రెండు వందల గ్రాముల బరువు

నేల మీద కూర్చుని తినే ఊళ్లో, నేల మీద పరుపు పరుచుకుని పడుకునే ఊళ్లో, వెన్ను కోయించుకున్నవాడికి చోటుండదు. కోకండ్‌లో రొట్టెల మేస్త్రీ తుర్గున్ ఉస్తాకి ఈ సంగతి యాభై ఎనిమిదో ఏట తెలిసింది. తనకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, వీడైనా నిలవాలని తల్లి తుర్గున్, అంటే నిలిచినవాడు, అని పేరు పెట్టింది. నిలిచాడు. ఇప్పుడు నిలబడటం తప్ప వేరే పని లేదు.

నలభై ఏళ్లు తందూరు దగ్గర బతికిన మనిషి. కుడిచేతికి మణికట్టు దాకా దూది తొడుగు వేసుకుని, నిప్పు మీదికి నడుము దాకా వంగి, రొట్టెను లోపలి గోడకు చరచడం, లేవడం, మళ్లీ వంగడం. రోజుకు నాలుగు వందల సార్లు. ఏ దేశపు భక్తుడూ ఏ దేవుడికీ అన్నిసార్లు వంగి ఉండడు. ఫలం మాత్రం భక్తుడికంటే తొందరగా కనబడింది. వసంతంలో ఒక ఉదయం తందూరులోకి వంగినవాడు మళ్లీ పైకి రాలేదు. శిష్యుడు సోబిర్ నడికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఎడమకాలు అప్పటికే మొద్దుబారిపోయింది.

వెన్ను కోసిన డాక్టరమ్మ ఆయన కూతురు నసీబా వయసుది. ఇంటికి పంపేటప్పుడు వేలు చూపించి మరీ చెప్పింది. "మూడు నెలలు, నాన్నగారూ. బంగారం కిందపడి ఉన్నా వంగకండి. ఆ తర్వాత తందూరు సంగతి చూద్దాం. ఈలోగా ఇంకోసారి వెన్నులో డిస్కు జారిందా, కాలు వదులుకోవాల్సిందే."

"మా ఇంట్లో బంగారం ఎక్కడిదమ్మా!" అని నవ్వాడు ఉస్తా.

శరత్కాలం పెళ్లిళ్ల నాటికి తందూరు దగ్గర ఉండాలి. ఆయనకున్న ఆలోచన అదొక్కటే. తందూరు ఖాళీగా ఉండదు. ఎవరి చెయ్యి అలవాటైతే పేటంతా ఆ చేతి రొట్టే అడుగుతుంది.

ద్రాక్షపందిరి కింద అరువు తెచ్చిన ఇనుప మంచం వేశారు. దాని మీంచి లేవడమంటే దుంగను దొర్లించినట్టు ముందు పక్కకు తిరగాలి, కాళ్లు జార్చాలి, మోచేతి మీద బరువు మోపాలి. మొదటి నెలన్నర కూర్చోకూడదు. ఇంటిల్లిపాదీ కింద భోజనాల గుడ్డ చుట్టూ కూర్చుంటే, ఉస్తా కిటికీ గట్టు మీద గిన్నె పెట్టుకుని గోడ వైపు తిరిగి తినేవాడు. పెరట్లో మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేది కాబట్టి పక్కింటి వడ్రంగి పాత కుర్చీకి నడిమధ్య రంధ్రం కోసి తెచ్చాడు. "ఊరేలిన ఖానులు పోయారు గానీ సింహాసనం మిగిలింది, ఎక్కు" అన్నాడు. ఉస్తా నవ్వలేదు. భార్య ఓయ్‌దిన్ మేజోళ్లు తొడుగుతుంటే ఆమె నెత్తిన నెరిసిన పాపిట చూస్తూ నిలబడేవాడు. ముప్పై ఐదేళ్లలో ఆమె తల నడినెత్తిన ఎలా ఉంటుందో అతను చూడలేదు.

చేయి జారినవి జారినట్టే ఉండేవి. తాళంచెవి పడింది, వదిలేశాడు. నెత్తిన టోపీ పడింది, బోడినెత్తితోనే తిరిగాడు. టీ కప్పు పగిలి రోజంతా పెంకులై ఉంది.

అన్నిటికంటే బాధ పరామర్శలు. రోగిని చూడవచ్చేవాళ్లు గుడ్డలో చుట్టి జత రొట్టెలు తెస్తారు. రొట్టెలవాడి ఇంట ఊళ్లోని రొట్టెలన్నీ కుప్పపడ్డాయి. డెబ్బయ్యో రోజున సోబిర్ కూడా జత తెచ్చాడు.

"ఎలా ఉన్నారు ఉస్తా?"

"గుంజలా ఉన్నా. ఏదైనా కట్టేసుకోవాలంటే కట్టేసుకో." రొట్టెను వేలితో తట్టి విన్నాడు. "నడిమధ్య పచ్చి. తొందరపడ్డావు."

"మీ తందూరు నా మాట వినదు ఉస్తా."

"గాడిదా తందూరూ ఒకటే. తిట్టేవాడెవడో వాటికి తెలుసు."

సోబిర్ నవ్వి, ఆయన చేతి వైపు చూసి ఆగిపోయాడు. ఉస్తా కూడా చూసుకున్నాడు. నలభై ఏళ్లుగా మంటకు కాలి నున్నగా ఉన్న కుడి ముంజేయి మీద సన్నగా, పిల్లవాడి మీసంలా, వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"పెళ్లిళ్ల నాటికి వచ్చేయండి ఉస్తా" అన్నాడు సోబిర్, నేల చూస్తూ. "జనం అలవాటుపడిపోతున్నారు."

ఎనభై రెండో రోజు ఉదయం ఓయ్‌దిన్ పొరుగువీధిలో చావింటికి సాయం వెళ్లింది. ఉస్తా కిటికీ గట్టు దగ్గర నిలబడి రొట్టె తుంచబోయాడు. పట్టు తప్పింది. రొట్టె అరుగు అంచుకు తగిలి, దొర్లి, తడిపిన మట్టినేల మీద బోర్లాపడింది.

ఆ ఊళ్లో రొట్టె బోర్లా ఉండకూడదు. నేల మీద అసలే ఉండకూడదు. కాలితో జరపడం తలపుకే రాదు, కర్రతో పొడవడం కాలితో తన్నడంతో సమానం. "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాడు. వీధి వీధంతా చావింట్లో ఉంది. కోడి ఒకటి వచ్చి మెడ సాచింది. "హుష్" అని కర్ర ఆడించాడు. పోయి, ఇంకోదాన్ని వెంటబెట్టుకు వచ్చింది. ఆ రెంటినీ తోలుతూ, ఎండ పందిరి దాటేదాకా రొట్టెకు కాపలా కాశాడు.

తప్పదనుకున్నప్పుడు కూడా బుద్ధిగానే దిగాడు. డాక్టరమ్మ నేర్పినట్టు మంచం కోడు పట్టుకుని, వెన్ను నిటారుగా ఉంచి, ఒక మోకాలు ఆనించాడు. నొప్పి లేదు. రొట్టె మాత్రం ఇంకా చేతికందేంత దూరంలో లేదు, బారెడు అవతల ఉంది. అంత దూరాన ఉన్న రొట్టెను అందుకోవడం ఆ ఒంటికి ఒక్కటే పద్ధతిలో తెలుసు. నడుము దానంతటదే వంగింది, కుడిచేయి తందూరులోకి సాగినట్టు సాగింది.

ఓయ్‌దిన్ వచ్చేసరికి ఆయన పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. రొట్టె ఛాతీ మీద ఉంది, మట్టి తుడిచి.

"నసీబా నాన్నా! ఏం చేశారు! కోడి తింటే తినేది కాదా, అదీ ప్రాణమే కదా!"

"ముద్దుపెట్టుకుని కళ్లకద్దుకున్నా" అన్నాడు. "ముందు దీన్ని పైన పెట్టు. తర్వాత ఏడుద్దువు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం ముందుంచుకుని అడిగింది. "ఎంత బరువు ఎత్తారు?"

"రెండు వందల గ్రాములు" అన్నాడు ఉస్తా. బరువు తెలిసిన చేయి. "బంగారమైతే వంగేవాణ్ణి కాదమ్మా."

ఆమె కలం పక్కన పెట్టి, అతని ఎడమ పాదం మీద సూదితో గుచ్చింది. ఇంకోచోట గుచ్చింది. అతను సూది సంగతే తెలియక కిటికీ వైపు చూస్తున్నాడు.

పెళ్లిళ్లు వచ్చాయి, పోయాయి. సోబిర్ రొట్టెలు ఇప్పుడు నడిమధ్య పచ్చిగా ఉండటం లేదు. వారానికొకసారి జత తెస్తాడు, ఉస్తా తట్టి చూసి ఊరుకుంటాడు. పందిరి ఆకులు రాలిపోయాక ఒకరోజు, చేతికర్ర అందిస్తూ ఓయ్‌దిన్ ఆయన ముంజేయి మీద చేయి వేసింది. వెంట్రుకలు ఒత్తుగా, నల్లగా పెరిగాయి, పెళ్లినాడు కూడా ఆమె ఎరగనంత ఒత్తుగా. ఆయన చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నాడు.