చెంచా ఇవ్వని సంగటి అంగడి

మా చిన్నమ్మది బెంగళూరు దగ్గరి దొడ్డబళ్ళాపురం. ఇంట్లో మగ్గాలు ఆడతాయి, పొయ్యి మీద సంగటి ఉడుకుతుంది. రోడ్డు వైపు మగ్గమున్న ముందుగదిలో సంగటి హోటల్ పెట్టాలని ఆమెకు ఏళ్ళ కోరిక. "రోజూ తినే కూడు దుడ్డిచ్చి ఎవురు తింటారప్పా?" అని చిన్నాయన తీసిపారేస్తూ వచ్చాడు. ఈ ఎండాకాలం చివరికి ఒప్పందం కుదిరింది. బెంగళూరు వేసవి ఆహార మేళాలో ఒక్కరోజు అంగడి పెట్టాలి. తెచ్చిన రాగిపిండి మొత్తం అయిపోతే గది ఆమెది, మిగిలితే మగ్గానిదే. నేను వెళ్ళింది చిన్నమ్మ పక్షాన నిలబడడానికి. తినడానికి కూడా అనుకోండి.

నేనుండే హూడిలో మూడింటికి మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో ఆకుపచ్చ లైనుకు మారి, లాల్‌బాగ్‌లో దిగేసరికి నాలుగుంబావు అయింది. టికెట్టు వంద లోపే. అక్కడి నుంచి మేళా మైదానానికి ఆటో యాభై. డ్రైవరు మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగాయన. సంగటి తినడానికని చెప్పగానే, "ఇంట్లో ఉండాదే కదప్పా, దానికింత దూరమా?" అని నవ్వాడు. చిన్నాయనకు ఒక ఓటు పడిందనుకున్నాను.

గేటు దగ్గర యాభై కట్టి లోపలికి వెళ్తే ఎటు చూసినా షామియానాలే. మామిడి రసం దగ్గర తోపులాట, బెణ్ణె దోసె అనే వెన్న దోసె దగ్గర జాతర. చిన్నమ్మ మాత్రం ఈగలు తోలుకుంటోంది. వచ్చినవాళ్ళు చెంచా అడగడం, ఆమె లేదనడం, వాళ్ళు పక్క అంగడికి పోవడం. నాకు ఒళ్ళు మండింది. ఐస్‌క్రీం అతన్ని బతిమాలి ఒక కట్ట చెంచాలు తెచ్చిస్తే ఆమె వాటిని తీసి చెత్తబుట్టలో పడేసింది.

"చెంచాతో పొడిస్తే అది సంగటి కాదు పాపా. చేతులు కడుక్కోమను, నేను నీళ్ళు పోస్తా."

అన్నట్టే చెంబు పట్టుకుని బల్ల ముందుకొచ్చి నిలబడింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్న ఒకమ్మాయి మొహమాటపడుతూ చేతులు చాచింది. చిన్నమ్మ నీళ్ళు పోసి, వేడి ముద్దను కొంచెం తుంచి, గుంట చేసి, నాటుకోడి పులుసులో ముంచి, నమలకుండా మింగాలని చూపించింది. ఆ అమ్మాయి మింగింది, కారానికి కళ్ళు తుడుచుకుంది, ఇంకో ముద్ద అడిగింది. చోద్యం చూడ్డానికి ఆగినవాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు. ప్లేటు నూట ఇరవై. ఆరున్నరకల్లా నీళ్ళు మోసి మోసి నా భుజాలు పడిపోయాయి. అంత సంతోషంగా ఎప్పుడూ అలిసిపోలేదు.

ఏడింటికి చిన్నాయన ఆకలితో వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు. అడుగు మాడు కూడా గీకేసి ఉంది. పిండి సంచి దులిపి చూశాడు. చిటికెడు పిండీ రాలలేదు. ఆయన గొంతు సవరించుకుని, "ముందుగదిలో మగ్గం ఏ పక్కకి జరపాల?" అన్నాడు. చిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "చెమట" అంది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మనమూ ఎవరికో పొరుగింటివాళ్ళమేనని ఆ మైదానంలో తెలిసింది. ఇలాంటి మేళాకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఇంటి వంట అమ్మే అంగళ్ళకు ఐదింటి లోపే వెళ్ళండి. ఏడింటికి వచ్చిన మా చిన్నాయన, సొంత పెళ్ళాం అంగట్లో ముద్ద దొరక్క, ఆ పూట గోబీ మంచూరియాతో సరిపెట్టుకున్నాడు.