నాగూర్ వలి అమ్మాయి

పిడుగురాళ్లలో నాగూర్ వలికి ఉన్న వెర్రి ఒక్కటే: తన జీపుకి ప్రాణముందని నమ్మేవాడు. పొద్దున్నే నమాజు కాగానే నేరుగా వెళ్లి, బానెట్టు మీద చెయ్యి వేసి, "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేవాడు.

పొయ్యి దగ్గర నుంచి భార్య హజ్రా బీ అనేది, "పెళ్లయి ఇన్నేళ్లయింది. ఆ మాట నన్నొక్కనాడూ అడగలా."

"నువ్వు గురక పెడతావుగా. అడిగేదేముంది?"

యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వేలం వేస్తే కొన్న బండి అది. నాలుగు చక్రాలూ లాగేది. ఎద్దుబండ్లు దిగబడే సున్నపుబట్టీల దారిలో కూడా ఎక్కి వచ్చేది. దారిలో ముసలివాళ్లెవరైనా కనిపిస్తే చాలు, "అమ్మాయి ఆగిపోయింది, నన్నేం చెయ్యమంటావు? ఎక్కు" అనేవాడు వలి.

ఆ ఏడు స్టీరింగు బుష్షులు అరిగిపోయాయి. ఎడమకి తిప్పితే, బండి కాసేపు ఆలోచించుకుని గానీ ఎడమకి వెళ్లేది కాదు. ఎదురొచ్చేవాళ్లు ముందే చేలల్లోకి దిగి నిలబడేవాళ్లు. "అలిసింది పాపం" అనేవాడు వలి.

అప్పుడే పక్కింటి యల్లమంద కంట్లో, బట్టీ దగ్గర, సున్నం చిమ్మింది. గురువారం మళ్లీ చూపించకపోతే కన్ను దక్కదన్నాడు నరసరావుపేట డాక్టరు. వలి జీపెక్కమంటే యల్లమంద ఒప్పుకోలేదు.

"ఊరికే ఎక్కను సాయిబూ. మెల్లగా నడిచిపోతా."

ఒక కంటికి కట్టు. రెండో కన్ను ఎర్రబారి నీరు కారుతోంది. అంత దూరం ఎట్లా నడుస్తాడు?

బుధవారం పొద్దున్నే వలి ముందువైపు జాకీ పెట్టి ఎత్తి, స్టీరింగు విప్పి, ముక్కలన్నీ గోనెపట్టా మీద పరిచాడు. హజ్రా బీకి ఒళ్లు మండింది.

"తెల్లారితే గురువారం. ఇయ్యాల విప్పుతావేందయ్యా? ఆ మనిషి కన్ను పోతే?"

"ఈ స్టీరింగుతో పేట దాకా పోతే మనిషే పోతాడు. ఆ సుత్తి ఇట్టియ్యి."

రాడ్డు ఆనించి పాత బుష్షుని కొట్టాడు. దెబ్బదెబ్బకీ ఆగి, "నొప్పా అమ్మా?" అని అడిగాడు. చివరికి ఆ కంచు గొట్టం ఊడిపడింది. ఒక పక్క కాగితంలా పలచబడి ఉంది.

కొత్తది ముందే గుంటూరులో లేతు పట్టించి తెచ్చి ఉంచాడు. దాన్ని కొడితే వంకరపోతుంది. అందుకని పొడుగాటి బోల్టు దూర్చి, రెండువైపులా వాషర్లు వేసి, నట్టు బిగిస్తూ కొద్దికొద్దిగా లోపలికి లాగాడు. బోల్టు తిరక్కుండా ఇవతల హజ్రా బీ స్పానరు పట్టుకుంది. పట్టుకునే, "అల్లా, ఆ కన్ను నిలబెట్టు" అని పెదవుల్లోనే అనుకుంది.

బండి అవతల పడుకున్న వలి, "ఆమీన్" అన్నాడు.

గురువారం ఉదయం జీపు తిప్పినప్పుడే తిరిగింది. వలి దాన్ని యల్లమంద గుమ్మం ముందు ఆపి, కిందికి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"యల్లమందా, నాకొక సాయం చేసిపెట్టాలయ్యా."

"చెప్పు సాయిబూ."

"బుష్షులు కొత్తవి వేశా. ఏడన్నా లొడలొడలాడతయ్యేమో వినాలి. సుత్తి దెబ్బలకి నా చెవులు చానా మొద్దుబారినయ్."

హజ్రా బీ నవ్వు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వలి గొంతు తగ్గించాడు. "అమ్మాయేమో తన నొప్పి నాకు చెప్పదు. పేట దాకా పక్కన కూర్చుని కాస్త వినిపెట్టవా?"