పూలు కోయని వారం

బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నన్నాళ్ళూ నా మాట ఎవరూ నమ్మడం లేదని నేనెప్పుడూ బాధపడలేదు. అది ఆ కుర్చీ మహిమ అనుకుని సర్దుకుపోయాను. రిటైరయ్యి, మదనపల్లెలో ఇంటి ముందు నాలుగు మొక్కలు పెంచుకుంటున్న ఈ వయసులో కూడా నమ్మకపోతే మాత్రం ఒళ్ళు మండుతుంది.

మా చుట్టుపక్కల ఊళ్ళలోని మొక్కల పిచ్చివాళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఈ ఏడు వైశాఖం వచ్చేసరికి మా లేత నారింజరంగు గులాబీ ఆకు కనపడకుండా విరగబూసింది. పక్కన గుండుమల్లె, ప్రహరీ వెంబడి కనకాంబరాలు సరేసరి, ఏడాదికొక్కసారే పూసే ఫుట్‌బాల్ లిల్లీ కూడా ఎర్రటి బంతిలా లేచి నిలబడింది. అన్నీ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను. కుప్పం గ్రానైటు వ్యాపారి ఒకాయన, "ఈ రోజాపూలు యాడ డౌన్‌లోడ్ చేసినారు సార్? ఆ లింకు మాగ్గూడా పంపించండి" అని రాశాడు. నా పూలకంటే ఆ మాటకే ఎక్కువ చప్పట్లూ నవ్వుబొమ్మలూ పడ్డాయి. నేను ఉడుక్కుని, "ఆదివారం అందరూ కుటుంబాలతో మా ఇంటికి రండి, కళ్ళతో చూద్దురుగాని" అని రాసేశాను. ఇంట్లో అడిగి రాయాలన్న సంగతి, రాసిన తర్వాత గుర్తొచ్చింది.

ఆ పూటనుంచే తోటలో కర్ఫ్యూ పెట్టాను. ఆదివారం దాకా ఒక్క పువ్వు కూడా ఎవరూ కోయకూడదు. దేవుడికైనా సరే.

"ఇంట్లో ఇన్ని పూలు పెట్టుకోని అంగట్లో మూరపూలు కొనుక్కోవాల్నా? నవ్వుతారు నలుగురూ" అంది మా ఆవిడ.

"ఇప్పటికే నవ్వుతాండారు. అది ఆపేదానికే ఇదంతా."

తెల్లారి నడకకు పోయే పెద్దమనిషి ఒకాయన రోజూ మా ప్రహరీ మీదికి వంగి, ప్లాస్టిక్ కవరు నిండా కోసుకుపోతాడు. ఆయన కోసం పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"దేవునికి సార్, నాకా ఏమన్నా?" అన్నాడు, తప్పు నాదే అయినట్టు. వాళ్ళింటి దేవుడికి మా ఇంటి అడ్రసు ఎవరిచ్చారో నాకు తెలియదు.

మల్లెలతో ఇంకో తంటా. మొగ్గగా కోయకపోతే అవి పూచి, వాడి, రాలిపోతాయి. "కొప్పులో ఉండాల్సిన పూలు కాళ్ళ కింద పడతాండాయి, పాపం తగులుతాది" అని మా ఆవిడ రోజూ చీపురుతో ఊడుస్తూ, నాకు వినపడేటట్టు చీపురుతోనే చెప్పుకునేది. నేను వినపడనట్టు కుండీలకు ఎర్రమన్ను పూస్తూ కూర్చున్నాను. కుండీలకంటే నాకే ఎక్కువ అంటుకుంది.

అయినా మాట తప్పలేదు ఆమె. వారమంతా ఒక్క పువ్వు ముట్టలేదు. ఆదివారం పొద్దున పుంగనూరునుంచి మొదటి బస్సుకే మా అక్క వంటసాయానికి వచ్చింది. తోట చూసి గేటు దగ్గరే నిలబడిపోయింది. "ఏమి పూసిందిరా నాయనా" అంది. అంత మెప్పు అక్క నోటినుంచి నేను ఎన్నడూ విననందువల్ల పొంగిపోయాను. ఆ పొంగులోనే సంచి తీసుకుని మైసూరుపాకు తేవడానికీ, షామియానా అంగడివాడు ఇస్తానన్న కుర్చీలు ఆటోలో వేయించుకోవడానికీ వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి తోట పచ్చగా ఉంది. ఒట్టి పచ్చగా. గులాబీ చెట్టు గుండు చేయించుకున్నట్టుంది. వరండాలో చాపమీద అక్కా మా ఆవిడా ఎదురుబొదురుగా కూర్చుని మాల కడుతున్నారు. చాటనిండా గులాబీలు, మల్లెలు, కనకాంబరాలు. ఫుట్‌బాల్ లిల్లీ ఇత్తడి చెంబులో టీవీ పక్కన ఉంది.

"ఏం చేసినారు మీరు?"

"వచ్చేవాళ్ళల్లో ఆరేడు మంది ఆడోళ్ళు ఉండారంట" అంది అక్క, దారం పంటితో తెంపుతూ. "ఇంటికొచ్చిన ముత్తైదువుల్ని పూలు పెట్టకుండా పంపిస్తామేంరా?"

"వాళ్ళొచ్చేదే పూలు చూసేదానికి గదక్కా!"

"తల్లో పెడితే ఇంకా బాగా సూస్తారు."

నేను మా ఆవిడవైపు తిరిగాను. "ఆదివారం దాకా అన్నారు మీరే. ఈరోజే గదా ఆదివారం" అంది, చేతిలో మాల ఆపకుండా. వాట్సాప్‌లో కోతలు కోసింది నేను, తోటలో కోసింది వాళ్ళు, అంతే తేడా. తిట్టడానికి నోరు తెరిచేలోపే గేటు ముందు కారు ఆగింది.

కుప్పం ఆయన దిగీ దిగగానే మొక్కల వైపు చూసి, తర్వాత నావైపు చూశాడు. "పూలు యాడ సార్?"

"లోపల ఉండాయి. రండి, మా ఇంట్లోవాళ్ళు కోసేసినారు."

"అట్లనా" అన్నాడు. ఆ ఒక్క మాటకు గ్రూపులోని నవ్వుబొమ్మలన్నీ నా కళ్ళముందు వరసగా కనబడ్డాయి.

ఈలోగా మిగతావాళ్ళూ కుటుంబాలతో వచ్చి వరండాలో చేరారు. అక్క, కుప్పం ఆయన భార్య జడలో మల్లెమాల పెట్టి, పైన రెండు గులాబీలు గుచ్చింది. ఆమె ఫోను కెమెరాలో చూసుకుని, "ఈ రంగు మా పక్క యాడా లేదమ్మా" అంది. ఆయన మాత్రం మైసూరుపాకు నములుతూ, "మార్కెట్లో దొరకనిది ఏముండాది ఈ కాలంలో" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని గులాబీ దగ్గరికి తీసుకుపోయాను. "ఈ కొనలు చూడండి. తడి ఇంకా ఆరలేదు. ఇన్ని పూలు అంగట్లో కొని, ఇన్ని చోట్ల కొమ్మల్ని తెంపుకునేంత పిచ్చి నాకు లేదప్పా."

ఆయన వంగి చాలాసేపు చూశాడు. కోసిన చోటు వేలితో ముట్టుకున్నాడు. ఆకు తిప్పి చూశాడు. ముల్లు గుచ్చుకున్నా పట్టించుకోలేదు.

"ఒక కొమ్మ ఇస్తారా సార్? నాటుకుంటా."

ఆ మాట వినగానే వరండాలో ఉన్నవాళ్ళంతా లేచి వచ్చారు. మొక్కల పిచ్చివాడు ఎక్కడికీ ఒట్టి చేతులతో పోడు. ఒక్కొక్కరి సంచిలోంచీ చిన్న కత్తులూ, తడిగుడ్డలూ బయటికొచ్చాయి.

"ఈ ఎండల్లో బతకవు, వానలు పడినాక రండి" అని అందరికీ చెప్పాను. ఎవరూ వినలేదు.

"మా కుప్పంలో సల్లగా ఉంటాది సార్, బతుకుతాది" అంటూ ఆయన ముదురు కాండం మీద కత్తి పెట్టాడు.

"అది కాదప్పా, మొక్క చచ్చిపోతాది" అని కత్తి లాక్కుని, పెన్సిలు లావున్న కొమ్మను కణుపు కింద ఏటవాలుగా నేనే కోసిచ్చాను.

"ఏ రంగు పూస్తాది సార్ ఇది?"

"ఫోటో పంపించినా గదా."

"ఆ, సూసినా. పూసినాక నమ్ముతా లే సార్" అని, కొమ్మను తడిగుడ్డలో జాగ్రత్తగా చుట్టుకున్నాడు.