ఆరోగ్యమ్మ పత్తికట్టె వామి

పొద్దున లేవగానే ఆరోగ్యమ్మ ఇంటి వెనక వామిలోంచి ఒక పత్తికట్టె లాగి, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. టప్పుమంటే ఎండినట్టు. చప్పుడు లేకుండా నార సాగి చీలితే లోపల ఇంకా పచ్చి ఉన్నట్టు. అప్పుడు ఆ వరసంతా తిరగేసి ఎండకు పెడుతుంది. చూస్తే తెలియదా అని కోడలు ఒకసారి అడిగింది. పైన తోలు ముందే ఎండుతుందనీ, కంటిని నమ్మితే వంటిల్లు పొగ చూరుతుందనీ ఆరోగ్యమ్మ జవాబు.

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊరు. ఊరి చివర కాలనీలో ఆమె ఇల్లు. వయసు యాభై దాటింది. భర్త సొలొమోను మేకలు కాస్తాడు. కొడుకు బెన్ని సిమెంటు లారీ డ్రైవరు, ముక్త్యాలలో లోడు ఎత్తుకుని పోతే ఎప్పుడొస్తాడో చెప్పలేరు. కోడలు క్రిస్టీ నందిగామ పిల్ల. ఇంట్లో గ్యాస్ ఉంది. టీ, కూర దాని మీద. అన్నం, పప్పు, అందరి స్నానాల నీళ్ళు కట్టెల పొయ్యి మీద. అన్నీ గ్యాస్ మీదే పెడితే గ్యాస్ బండ నెల కూడా రాదని క్రిస్టీ కూడా ఒప్పుకుంటుంది. పొగ గురించి మాత్రం ఇద్దరికీ రాజీ కుదరలేదు.

వామి వెయ్యడం ఆరోగ్యమ్మ వేరేవాళ్ళకు వదలదు. కింద చెదలు పట్టకుండా రాళ్ళ మీద రెండు తాటి దూలాలు. వాటి మీద కట్టెల మొదళ్ళు బయటికి, కొమ్మలు లోపలికి వచ్చేట్టు వరసలు. అట్లా వేస్తే గోడలా నిలబడుతుంది, లోపలికి గాలి ఆడుతుంది, లాగేటప్పుడు చెయ్యి గీసుకోదు. పైన సిమెంటు సంచులు విప్పి కుట్టిన పట్టా. పట్టా మీద ఎవరి పెళ్ళికో కట్టిన ఫ్లెక్సీ. అందులో కొత్త దంపతులు తలకిందులుగా నవ్వుతుంటారు. వానాకాలానికి మూరెడేసి విరిచిన పుల్లలు పొయ్యి పైన అటక మీదికి చేరతాయి. పొయ్యి పొగే వాటిని ఎండబెడుతుంది.

కట్టెను బట్టి పని. పత్తికట్టె భగ్గున అంటుకుని తొందరగా ఆరిపోతుంది. నీళ్ళు కాగడానికి, అన్నం పొంగడానికి అదే సరి. పప్పుకు నిప్పు నిలవాలి కనక సర్కారు తుమ్మ. అదేమో చెరువు కట్ట మీద ఏటికేడు తగ్గిపోతోంది, బొగ్గు కాల్చేవాళ్ళు కొట్టుకుపోతున్నారు. మిరపకట్టె కూడా మండుతుంది గానీ, దాంట్లో ఒక్క ఎండుకాయ మిగిలినా ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ బయటికి రావాలి. క్రిస్టీ కాపురానికొచ్చిన మొదటి నెలలోనే అది జరిగింది. అందుకని పత్తికట్టే ఇంటికి ఆధారం. కాలనీలో ఎవరైనా చనిపోతే కాగులో నీళ్ళు పెట్టడానికి మొదట వచ్చేదీ ఈ వామి దగ్గరికే. అడిగి తీసుకోరు. తీసుకుని తర్వాత చెబుతారు.

ఆ కట్టె వచ్చేది వీరరాఘవయ్య చేలోంచి. ఐదెకరాల పత్తి. ఈ ప్రాంతంలో పాత కట్టుబాటు ఒకటుంది. చివరి పత్తి తీత తీసిన ఆడవాళ్ళే కట్టె పీకి చేను శుభ్రం చేస్తారు. పీకినందుకు కూలి లేదు, పీకిన కట్టే కూలి. ఎవరూ రాసుకున్నది కాదు. ఆరోగ్యమ్మ అత్త ఆ చేలోనే పీకింది, అత్త తర్వాత ఆమె. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే గ్యాస్‌కు మళ్ళడంతో ఐదెకరాలూ ఆమె ఒక్కదానికే మిగిలాయి.

ఈ ఫిబ్రవరిలో చివరి తీత జరుగుతుండగా రాఘవయ్య గట్టు మీదికి వచ్చాడు. మంచివాడే, మాట మాత్రం మొహం మీదే అంటాడు. ఈసారి కట్టె పీకొద్దన్నాడు. ట్రాక్టరుకు తగిలించే మిషను మాట్లాడాననీ, సోమవారం వచ్చి చేలో నిలబడ్డ కట్టెను అట్లాగే ముక్కలు చేసి నేలలో కలిపేస్తుందనీ చెప్పాడు. ఆరోగ్యమ్మ ఒడిలో పత్తి అట్లాగే పట్టుకుని ఎందుకని అడిగింది.

“గులాబీ పురుగు. రెండేళ్ళబట్టి సగం పంట అదే తింటంది. కట్టె తీసుకెళ్ళి మీరు ఇళ్ళ దగ్గర వాములేస్తారు. వానలు పడంగానే అది రెక్కలొచ్చి మళ్ళీ నా చేలోకే వస్తది.”

“మా ఇంట్లో పురుగుందంటారేందండీ. రోజూ చేత్తో విరిచి పొయ్యిలో పెట్టేదాన్ని, నాకు కనపడదా?”

“నాకేం తెలుసు? ఆ సెంటరు అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయినే అడుగు.”

అడగాల్సిన పని లేకపోయింది. మర్నాడు ఉదయమే రైతు సేవా కేంద్రంలో పనిచేసే ఉషశ్రీ స్కూటీ మీద కాలనీకి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. జనవరిలో వేరే రైతు చేలో ముందుగా పీకి తెచ్చిన కట్టె అప్పటికి వామిలో నడుమెత్తు ఉంది. ఉషశ్రీ దాని చుట్టూ తిరిగి, కొమ్మలకు అంటుకుని విచ్చుకోకుండా ఎండిపోయిన కాయలు చూపించింది. గుడ్డికాయలంటారు వాటిని. పత్తి రాదు కనక తీతలో ఎవరూ ముట్టరు, కట్టెతో పాటే ఇంటికొస్తాయి, కట్టెతో పాటే పొయ్యిలో పడతాయి. పురుగు ఉంటే వీటిలో ఉంటుందని ఆమె చెప్పింది.

ఆరోగ్యమ్మ నమ్మలేదు. రెండు పీటలు, ఒక రాయి తెచ్చింది. ఇద్దరూ కూర్చుని కాయలు పగలగొట్టడం మొదలుపెట్టారు. మొదటి కాయలో బూజు. రెండోదాంట్లో నల్లబడిన దూది. మూడోది ఖాళీ. ఇంకో నాలుగు కాయల్లోనూ ఏమీ లేకపోయేసరికి ఆరోగ్యమ్మ పైటతో నవ్వు దాచుకుంది. ఉషశ్రీ మొహం ఎర్రబడింది గానీ లేవలేదు. తర్వాతి కాయలో రెండు గింజలు ఒకదానికొకటి అతికించినట్టు కనిపించాయి. పత్తిగింజలు అట్లా ఉండవు. ఉషశ్రీ గోటితో వాటిని విడదీసింది. లోపల బియ్యపు గింజంత పురుగు, లేత గులాబీ రంగు, చుట్టచుట్టుకుని ఉంది. ఎండ తగలగానే కదిలింది.

ఆరోగ్యమ్మ పీట ముందుకు జరుపుకుని వంగి చూసింది. తర్వాత అడిగిన మొదటి మాట, “ఇది తినకుండా ఎట్టా బతుకుతది మేడమ్?”

నిద్రలో ఉంటుందనీ, వేడికీ తడికీ లేస్తుందనీ ఉషశ్రీ చెప్పింది. గింజలు ఎవరు అతికించారని ఆరోగ్యమ్మ అడిగింది. పురుగే, తన నోటి దారంతో. కట్టె లోపల కూడా ఉంటుందా? ఎక్కువగా కాయలోనే, కింద రాలిన కాయల్లో కూడా. మేకలు తింటే? కాయతో పాటు అదీ పోతుంది, అందుకే పంటయ్యాక చేలో మేకల్ని మేపమని మేమే చెబుతామంది ఉషశ్రీ. ఆ చివరి జవాబు ఆరోగ్యమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

ఉషశ్రీ వెళ్ళిపోయినా ఆమె పీట మీద నుంచి లేవలేదు. ఒక్కో కాయ పగలగొడుతూ, జంట గింజలు దొరికినప్పుడల్లా మూత ఉన్న హార్లిక్స్ సీసాలో వేసింది. ఎక్కువ కాయల్లో ఏమీ లేవు. ఉన్నవాటిలో మాత్రం తప్పకుండా ఆ జంట గింజలే. మధ్యాహ్నం క్రిస్టీ అన్నానికి పిలిస్తే వస్తున్నా అంది, రాలేదు. సాయంత్రం మేకల్ని తోలుకొచ్చిన సొలొమోను ఆ వాలకం చూసి ఆగిపోయాడు.

“పొద్దున పత్తి తీతకి పోలేదంట. ఇదేంది, పురుగులకి పురుడు పోస్తన్నావా?”

“నువ్వు కూడా చూడు. ఇన్నేళ్ళు వీటి పక్కనే పడుకున్నాం.”

సొలొమోను చూశాడు. ఆ రాత్రి మంచం వామి వైపు నుంచి అవతలి గోడకు జరిపాడు.

మర్నాడు ఆమె సీసా పట్టుకుని రాఘవయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. కట్టె కోసం బతిమాలడానికి వచ్చిందనుకున్నాడు. జవాబు సిద్ధం చేసుకున్నట్టే పేపరు మడిచాడు. ఆరోగ్యమ్మ సీసా ఆయన ముందు పెట్టింది.

“ఉన్నాయండి. మీరన్నట్టే నా వామిలో ఉన్నాయి.”

రాఘవయ్య కళ్ళజోడు సర్దుకుని సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. తగువుకు తగువు ఆయనకు అలవాటే. ఇట్లా ఒప్పుకుంటూ వచ్చే మనిషి కొత్త.

“ఒప్పుకున్నావుగా. ఇంకేముంది? సోమవారం మిషను వస్తంది.”

“పురుగు కాయలో ఉందండి, కట్టెలో కాదు. కాయ మీ చేలోనే తగలబెట్టించండి. కట్టె నాకొదిలేయండి.”

“ఐదెకరాల కాయలు ఎవరు ఏరతారు? నువ్వా?”

“కింద రాలినవీ, అందినవీ మేకలు తింటాయి. మిగిలినవి మేం ఏరతాం.”

మేకల పేరెత్తగానే ఆయన గొంతు పెరిగింది. “మేకలా? చేను పక్కనే నా మిరపతోట. పోయినేడు మీ మేకలు అందులో పడి ఏం చేశాయో మర్చిపోయావా?”

“లేదండి. మిరప తిన్న మేక చెరువు దాకా ఆగకుండా పరిగెత్తింది. అదీ మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.”

వరండా లోపల నుంచి రాఘవయ్య భార్య నవ్వు వినబడింది. ఆయన మాత్రం నవ్వలేదు. మిషనుకు బయానా ఇచ్చేశాననీ, మొత్తం ఆపలేననీ అన్నాడు. ఆరోగ్యమ్మ సీసా వెనక్కు తీసుకోలేదు, కదలనూ లేదు. చివరికి ఆయనే ఒక మాట మీదికి వచ్చాడు. రోడ్డు వైపు రెండెకరాలు ఆమెకు. సోమవారం ట్రాక్టరు గట్టు ఎక్కేలోపు ఎంత శుభ్రం చేస్తే అంత. ఆ రెండెకరాల్లో కొమ్మకు ఒక్క కాయ కనపడ్డా, మిరపతోటలో ఒక్క మేక కనపడ్డా, మిషను అటు కూడా తిరుగుతుంది.

తీత అయిపోయిన ఆ రెండెకరాల్లో ఆ మధ్యాహ్నమే మేకలు దిగాయి. మిరపతోట వైపు గట్టు మీద సొలొమోను కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు కాస్త వెనగ్గా రాఘవయ్య ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చున్నాడు. మేకల్ని సొలొమోను కాస్తుంటే, సొలొమోనును ఆయన కాశాడు. మొదటి రోజు ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండో రోజు బీడీ చేతులు మారింది. మేకలకు పచ్చి ఆకు మీద ఉన్న మక్కువ ఎండు కాయల మీద లేదు. ఆకులు అయిపోయాకే కాయలకు వచ్చాయి, పై కొమ్మలు అసలు ముట్టలేదు.

మేకలు వదిలిన కాయలు ఏరడమే అసలు పని. ఆరోగ్యమ్మ, క్రిస్టీ చెరొక సాలు పట్టారు. క్రిస్టీకి చేలో పని అలవాటు లేదు. చున్నీ తలకు చుట్టుకుని, పాత సాక్సులు చేతులకు తొడుక్కుని వచ్చింది. సాలు చివరికి చేరేసరికి అత్త అప్పటికే తిరిగి వస్తూ ఎదురయ్యేది. ఏరిన కాయలు గట్టు పక్కన గుంటలో పోసి నిప్పు పెట్టారు. దూది కాలిన వాసన కాలనీ దాకా వచ్చింది. ఇంటి వెనక వామిని కూడా విప్పి, ప్రతి కట్టె దులిపి, ఆ కాయలు కూడా అదే గుంటలో పోశారు.

తర్వాత పీకుడు. నేల ఎండి బిగుసుకుపోయి ఉంది. మొదలును ఇనప కొక్కెంతో పట్టి, పిడిని నేలకు అదిమి లేపాలి. వేరు వదిలేటప్పుడు నడుము వెనక్కు పడకుండా చూసుకోవాలి. ఆదివారం గుడి అయ్యాక కాలనీ ఆడవాళ్ళు ముగ్గురు చేనుకొచ్చారు. గ్యాస్‌కు మళ్ళినవాళ్ళే. చూసి పోదామని వచ్చామన్నారు గానీ చీకటి పడేదాకా పీకారు. పోతూ తలా ఒక మోపు ఎత్తుకుపోయారు. మోపులు తలకెత్తింది ఆరోగ్యమ్మే.

సోమవారం ట్రాక్టరు వచ్చేసరికి రెండెకరాల్లో ఒక మూల మిగిలిపోయింది. రాఘవయ్య పీకి పడేసిన కట్టెల మధ్య నడుస్తూ కొమ్మలు ఎత్తి చూశాడు. కాయ దొరకలేదు. మిగిలిన మూల మీదికి మిషను తిప్పమన్నాడు. ఆరోగ్యమ్మ అడ్డం చెప్పలేదు, మాట మాటే. మూడెకరాల కట్టె మిషను కింద కరకరమంటుంటే పనాపి కాసేపు చూసింది. ముక్కలు ఎంతెంత వస్తున్నాయో వంగి గుప్పెట్లోకి తీసుకుని, పొయ్యికి పనికిరావని పారేసింది.

ఈసారి వామి కిటికీ దాకా వచ్చింది. పోయినేడు చూరు దాకా ఉండేది. దసరా దాకా వస్తుందని ఆమె లెక్క. ఆ పైన స్నానాల నీళ్ళు కూడా గ్యాస్ మీదేనని క్రిస్టీకి ముందే చెప్పింది. క్రిస్టీ మొహంలో బాధేమీ కనపడలేదు.

జూన్‌లో వానలు పడ్డాక ఉషశ్రీ రెక్కల పురుగుల్ని పట్టే బుట్టలు తెచ్చి, ఒకటి ఆరోగ్యమ్మ వామి దగ్గర, ఒకటి రాఘవయ్య చేలో కట్టింది. వామి దగ్గర బుట్టను పొద్దున్నే విప్పి చూసేది ఆరోగ్యమ్మే. పురుగు పడిందో లేదో అని కన్నా, రెక్కలొచ్చాక దాని రంగు ఎట్టా ఉంటుందో చూడాలని ఆమెకు ఆత్రం. బూడిద రంగులో, అంత చిన్నగా ఉండటం ఆమెకు నచ్చలేదు. రెండు వారాలు చూశాక రెండు బుట్టల్లోనూ పెద్ద తేడా లేదని ఉషశ్రీ రాఘవయ్యకు చెప్పింది. ఒక్క ఏడాది చూసి ఏదీ తేల్చలేమని కూడా చెప్పింది.

రాఘవయ్య సొలొమోనుతో కబురు పంపాడు. వచ్చే ఏడు ఆరోగ్యమ్మకు మూడెకరాలు.