ఎదురుగా కూర్చున్న పిల్ల

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా మనవరాలు. ఎస్.ఆర్. నగర్‌లో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుందది. మొన్న సాయంత్రం వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా, ఇకమీదట మా బడిలో ఒకటో తరగతి వాళ్ళకు వాచకం కన్నా ముందు కథల పుస్తకాలతోనే చదవడం నేర్పుతాం అమ్మమ్మా, ఒక్కొక్కరి చేతికీ ఒక్కో పుస్తకం ఇస్తున్నారు అని సంబరంగా చెప్పింది. ఈ మధ్యనే ఎవరో కనిపెట్టిన విద్య అన్నట్టుంది దాని మాట. నేను నవ్వి ఊరుకున్నాను గాని, దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చున్నాక జపం సాగలేదు. నా చిన్నతనంలో ఇదే అమీర్‌పేటలో, మా ఇంటి అరుగు మీద, మా మేనత్త చేసిన పని అదే కదా అని మనసు అటే పోయింది.

మన ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అప్పటికి అమీర్‌పేట పట్నం కాదు, పట్నానికి దగ్గరగా ఉన్న పల్లె. పంజాగుట్ట అంటే నిజంగా గుట్టే, బండల నడుమ నుంచి బాట. మగ్గాల ఊరు విడిచి వచ్చిన మావాళ్ళు ఇక్కడ కూడా ఇంట్లో మగ్గం గుంట తవ్వుకుని నేత సాగించేవారు. సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో, అదీ దూరం, ఆడపిల్లలను పంపే ఆనవాయితీ లేదు. అందుకని నేను బడి మొహం చూడలేదు. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని మా నాన్న నీడకు చేరిన మేనత్తే నాకు చదువు చెప్పింది. ఆ భాగ్యం నాకు దక్కిందంటే అది ఎల్లమ్మ తల్లి దయ అని ఇప్పటికీ నమ్ముతాను.

నా తరువాత ఇరుగుపొరుగు పిల్లలు ఒక్కొక్కరే చేరి పదిహేను మంది దాకా అయ్యారు. అందరూ ఆమెను పంతులమ్మా అనేవారు. ఆమె పద్ధతి అందరికీ వింతగా ఉండేది. ముందు ఓనమాలు దిద్దించేది కాదు. నూలు కట్టలకు చుట్టి వచ్చే మందపాటి కాగితాలను సమంగా కత్తిరించి, మగ్గం దారంతోనే కుట్టి, గుండ్రంగా పెద్ద పెద్ద అక్షరాలతో అందులో తానే కథ రాసింది. మేక ఒకటి మగ్గం గుంటలోకి దిగి చీర అంచు తినడం, అది చూసి ముసలమ్మ చీపురు పట్టుకుని పంజాగుట్ట బండల దాకా తరమడం, అదీ కథ. మేక వచ్చింది, పోగు కొరికింది, చీర చిన్నదయింది అని ఆమె చీపురు పుల్లతో ఒక్కొక్క మాటా చూపిస్తూ చదువుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వేవారు. నవ్వుతూనే మాటలు గుర్తుపట్టేవారు, మాటల్లో నుంచి అక్షరాలు విడదీసేవారు. ఉన్న నాలుగు పలకలూ పెద్దపిల్లలకు పోగా, చిన్నవాళ్ళకు ఆ పుస్తకమే పలక, ఆ పుస్తకమే బడి.

పుస్తకం ఒక్కటే కనుక దాన్ని పీట మీద పెట్టి, చుట్టూ గుండ్రంగా పిల్లలను కూర్చోబెట్టేవాళ్ళం. చోట్ల కోసం పోట్లాటలు లేకుండా ఎవరి గోనెపట్టా వారిది, ఎవరి చోటు వారిది అని కట్టుబాటు చేసింది నేనే. అప్పుడు నాకు పదిహేనేళ్ళు ఉంటాయేమో, మేనత్తకు చేదోడుగా ఉండేదాన్ని, నాకు నేనే పెద్ద పంతులమ్మలా తోచేదాన్ని.

మా వెనుక వీధిలో ఉండే ఒక నేతగాని కూతురికి మేనత్తకు సరిగ్గా ఎదురుగా చోటు వచ్చింది. ఏడేళ్ళ పిల్ల, చూపు పుస్తకం మీద నుంచి కదిలేది కాదు. ఒకరోజు మేనత్త బల్కంపేట గుడికి పోయిందని పాఠం నేను చెప్పాను. ఉన్న ఒక్క పుస్తకాన్నీ వంతుగా ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి చదివిస్తున్నాను. ఈ పిల్ల వంతు రాగానే పుస్తకాన్ని గిర్రున తలకిందులు చేసి పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. కాగితం నేల మీద పడితేనే కళ్ళకు అద్దుకునే పెంపకం నాది. సరస్వతిని తలకిందులు చేస్తావా అని చేతి మీద ఒక్కటి కొట్టి, పుస్తకం సరిగా పట్టించి చదవమన్నాను. ఆ పిల్ల పెదవి కదపలేదు. ఆరు నెలలుగా కూర్చుని ఒక్క మాట రాలేదే అనుకుని, ఆ సాయంత్రమే నీళ్ళ బావి దగ్గర దాని తల్లితో, మీ పిల్లకు చదువు అబ్బదు అని కూడా చెప్పాను.

మరునాడు తండ్రి వచ్చాడు. చేతిలో ఉత్తరం, వెనుక తలవంచుకుని పిల్ల.

"మీ అన్న బిడ్డనే అన్నది గద పంతులమ్మా, దీనికి సదువు అబ్బదని. పొద్దుగాల మా అవ్వ రాసిన ఉత్తరం చేతుల వెడితే గుడ్లప్పగించి చూసింది. ఇంకేంటికి గీడ కూసోవెట్టుడు? ఇంట్ల కండెలు సుట్టనీకె మనిషి కావాలె. తోల్కపోత."

నేతకు నూలు కండెలు చుట్టే రాట్నం ముందు ఒకసారి కూర్చున్న ఆడపిల్ల మళ్ళీ బడికి రాదని మా ఇళ్ళలో అందరికీ తెలుసు. మేనత్త నా వైపు ఒకసారి చూసింది. ఆ ఉత్తరం ఇటియ్యి నాయినా అని అడిగి తీసుకుని, తాను చదువుదామని అలవాటు ప్రకారం పీట మీద తన వైపు తిప్పి పరిచింది. పిల్ల కూడా అలవాటు చొప్పున తన చోట్లో, ఎదురుగా కూర్చుంది. మేనత్త నోరు తెరిచే లోపలే అటువైపు నుంచి సన్నని గొంతు మొదలయింది. ఊరిలో ఉన్న అతని తల్లి ఎవరి చేతనో రాయించిన ఉత్తరమది. క్షేమమా అని, వానలు పడలేదని, కూడబలుక్కుంటూ ఒక్కొక్క మాటా చదువుతోంది.

"గిది దుకాణం సేటు సదివి చెప్పిందే. ఇంట్ల నేను అనంగ విని బట్టీ పట్టినట్టుంది," అన్నాడు తండ్రి.

పిల్ల ఆగలేదు. "పెండ్లాం పిల్లలు తొవ్వ చూడంగ నువ్వు కల్లు దుకాణంల కూసుంటున్నవట. ఈసారి వచ్చిన్నంటె అందరి ముంగట నీ చెవు మెలేస్త."

తండ్రి చేయి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది.

"గా మాట సేటు సదవనే లేదు గద! మా అవ్వ మాటనే గిది, అచ్చం మా అవ్వనే!"

మర్యాద కోసం ఆ సేటు మింగేసిన మాటను ఏడేళ్ళ పిల్ల తలకిందులుగా చూసి చదివేసింది. పిల్లలంతా గొల్లుమన్నారు, అతనూ నవ్వేశాడు.

"మరి తోల్కపోతవా?" అంది మేనత్త.

"ఏడికి తోల్కపోతనమ్మా, ఇగ నా ఉత్తరాలన్ని గిదే సదువాలె. కని తిట్లు వస్తే జర మెల్లగ సదువుమను."

నవ్వులు సద్దుమణిగాక మేనత్త అతనితో, ఆరు నెలలు ఒకే చోట కూర్చోబెట్టి పిల్లకు అక్షరాలు తలకిందులుగా నేర్పాను, తప్పు నాది, అంది. చోట్లు కట్టుబాటు చేసింది నేను, కొట్టి, ఇంట్లో ఉత్తరం కూడా తిప్పుకోకుండా భయపెట్టింది నేను, చదువు అబ్బదన్నది నేను. తల ఎత్తలేకపోయాను. అతను పోయాక కూడా ఆమె నన్ను కోప్పడలేదు. రేపటి నుంచి రోజుకొక చోటు జరిపి కూర్చోబెట్టు అని మాత్రం చెప్పి లోపలికి పోయింది.

ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, పుస్తకం తలకిందులుగానే దాని చేతిలో పెట్టాను. అలాగే చదవమన్నాను. రోజుకు కొంచెం కొంచెంగా పుస్తకాన్ని పక్కకు తిప్పుతూ, నేను కూడా దానితో పాటు మెడ వంచి చదువుతూ వచ్చాను. బోనాల నాటికి పుస్తకం నిటారుగా నిలిచింది. నా చేతి దెబ్బ తిన్న ఆ పిల్ల నన్ను అక్కా అని పిలవడం మానలేదు. ఆ తల్లి సరస్వతి కూడా నా మీద అలగలేదనే అనుకుంటాను.

ఇప్పుడు ఎవరి పుస్తకం వారికి, రంగురంగుల బొమ్మలతో. మా మనవరాలి బడిలో ఏ పిల్లా తలకిందులుగా చదవనక్కరలేదు, అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. కాని ఒక్క కథ చుట్టూ పదిహేను తలలు ఒరుసుకుని, ఒకే చోట ఒక్కసారిగా నవ్వడం వాళ్ళకు తెలియదు కదా అని కొంచెం దిగులు. పంతులమ్మ చూపు ఎదుటి పిల్ల కళ్ళలోకి పడే ఆ దగ్గరితనం ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

ఇది చదివే మీకు నాదొక విన్నపం. నా తప్పును నలుగురి ముందు తన తప్పుగా చెప్పుకుని, ఒక ఆడపిల్ల చదువునూ, నా పరువునూ ఒక్క మాటతో నిలబెట్టిన మా మేనత్త ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. మీ ఇంట్లో ఏ చిన్నబిడ్డ అయినా మొదటిసారి కథ కూడబలుక్కుని చదివిన రోజున, ఆమెను ఒక్కసారి తలచుకోండి.