చివరి బెంచీకి నీళ్లు

మా మనవరాలు తాడేపల్లిగూడెంలో ఒకటో తరగతి చదువుతోంది. మనకు సాయపడేవాళ్లంటూ క్లాసు గోడకి చార్టు పెట్టారు. పోలీసు, డాక్టరు, పోస్టుమాను ఉన్నారు. అత్తిలి వైపు కాలువల మీద తూము తలుపులు ఎత్తి దించిన లస్కరు, అంటే నేను, లేనని ఆ పిల్ల అలిగింది. టీచరుగారు "అయితే తాతగారినే తీసుకురామ్మా" అన్నారట.

వెళ్లాను. గోదావరిని ఒంటిచేత్తో ఆపేవాణ్ణనీ, కలెక్టరుగారు కూడా నన్నడిగే మంచినీళ్లు తాగేవారనీ చెప్పాను. ముందు బెంచీ కుర్రాడు "ఆపి ఏం చేసేవారండీ?" అన్నాడు.

మాట దాటేసి, తెచ్చిన పల్లీ ఉండల పళ్లెం వాడికిచ్చి వెనక్కి పంపమన్నాను. అందరూ గుప్పెళ్లతో తీసుకున్నారు. చివరి బెంచీలో ఉన్న మా మనవరాలికి ఖాళీ పళ్లెం చేరింది. దాని మొహం చూసేసరికి నా గోదావరి ఇంకిపోయింది.

"కోతలు కోశానర్రా" అన్నాను. "నేను ఆపింది గోదావరిని కాదు, మీలాంటి ముందు బెంచీల వాళ్లని. పై పొలాల తూములు దించి, కాలువ చివరి పొలాలకి ముందు నీళ్లు వదిలేవాణ్ణి. అంతే."

ఆ కుర్రాడు తన ఉండలన్నీ తెచ్చి పళ్లెంలో పెట్టాడు. "మా తూము దించేశానండీ. ఇక చివర్నుంచి వదలండి."

ఇప్పుడు చార్టులో పోస్టుమాను పక్కన ఒకాయన తూము చక్రం తిప్పుతున్నాడు. బొమ్మ మా మనవరాలే వేసింది. అంత మీసం నాకెప్పుడూ లేదు. దిద్దమని మాత్రం అడగలేదు.