విమానం వాళ్లకు ఏడు పంచలు

మా కోటయ్య బావ విమానం ఎక్కాలనుకున్నది చెన్నపట్నంలో పనుండి కాదు. పక్క ఊరి మునసబు ఎండాకాలంలో విమానం ఎక్కి వచ్చి, గురజాల సంతలో నిలబడి కనపడినవాడికల్లా ఆ సంగతి చెప్పాడు. ఆనాటి నుంచి మా బావకు అన్నం సహించలేదు. చెన్నపట్నంలో పని తరవాత వెతుక్కున్నాడు. కళ్లజోడు మార్పించుకోవాలట.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, దసరాకు ముందురోజు బయలుదేరాం. గుంటూరు పోయే బండి గురజాలకు పొద్దున ఆరున్నరకు రావాలి, ఏడుంబావుకు వచ్చింది. బావ పెద్ద ఆసామి. అయినా మూడో తరగతి టిక్కెట్లే కొన్నాడు. "రెండో తరగతోడు మనకంటే ముందు దిగుతాడా ఏంది?" అన్నాడు. నేను గురజాల కోర్టులో ప్లీడరు గుమాస్తాని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాణ్ణని నన్ను తోడు తీసుకెళ్లాడు. ఆ తోడుకు బహుమానం ఒక కొత్త మిల్లు పంచ. సిగ్గు లేకుండా అది కట్టుకునే బండెక్కాను. మూడో మనిషి చాకలి సుబ్బయ్య. ఆయన నెత్తిమీద బావ రేకుపెట్టె.

ఆ పెట్టెలో ఏముందో చెప్పాలి. గుడ్డ కంట్రోలులో ఉన్న రోజులవి. కార్డు పట్టుకుని తెల్లవారుజామున వెళ్లి నిలబడినా కొట్టువాడు లేదనేవాడు. ఆ కంట్రోలు కమిటీలో మా బావ మెంబరు. ఊరు ఊరంతా చిరుగులు కుట్టుకుంటుంటే ఆయన పెట్టెలోకి మాత్రం, నాకిచ్చింది కాక, ఏడు కొత్త పంచలు నడిచి వచ్చాయి. వాటిలో ఆరు విమానాల మైదానంలోని చిన్న నౌకర్లకు దసరా మామూళ్లు. ఇవ్వకపోతే పని జరగదని మునసబు చెప్పాడట. ఏడోది సుబ్బయ్యది.

దసరా మామూలుకు మా పల్నాట్లో ఒక పద్ధతి ఉంది. ఏడాది పొడుగునా మన గుడ్డలు ఉతికినవాడికి, మన గడ్డం గీసినవాడికి ఆ రోజు కొత్త గుడ్డ పెట్టి పంపుతాం. సుబ్బయ్య ఇరవై ఏళ్లుగా బావ ఇంటి గుడ్డలూ మా ఇంటి గుడ్డలూ ఉతుకుతున్నాడు. కిందటేడు గుడ్డ దొరకలేదని బావ చేతులెత్తేశాడు. నేనూ ఆ మాటే చెప్పి తప్పించుకున్నాను.

పిడుగురాళ్ల దాటాక సుబ్బయ్య పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుని నాతో మాట్లాడాడు.

"కార్తీకంలో మా పెద్దోడి పెళ్లండి అయ్యగారూ. నా పెళ్లికి మా అయ్య ఉతికే మూటలోంచి ఒక పంచ తీసి కట్టుకున్నాడు. పందిట్లోకి ఆ పంచగలాయనే వచ్చి గుర్తుపట్టాడు. చానామంది నవ్వారు. మా అయ్య తలెత్తలా. నేను మాత్రం నా కొడుకు పెళ్లిలో పరాయి పంచ కట్టనండి."

"ఇంకేం, పెట్టెలో ఉందిగా," అన్నాను.

"ఉందండి," అని నవ్వాడు.

ఒంటిగంటకు గుంటూరు. పూటకూళ్లింట్లో భోజనం ఆరణాలు. పప్పు నీళ్లు, మజ్జిగ అంతకంటే నీళ్లు. మీరు వెళితే ఇంటి నుంచి పచ్చడి పట్టుకెళ్లండి. మూడు గంటల బండిలో నరసరావుపేట పొగాకు వ్యాపారి ఒకడు తగిలాడు. మేం ఎక్కడికో తెలుసుకుని బావ వైపు జాలిగా చూశాడు.

"చక్రాల కింద దిమ్మలు పెడతారండి. అవి తీసేవాడొకడు, పెట్రోలు పోసేవాడొకడు. వాళ్లలో ఏ ఒక్కడి మనసు నొచ్చుకున్నా..." అని ఆగి ఆకాశం వైపు వేలు చూపించాడు.

కృష్ణ దాటేలోపల బావ సుబ్బయ్య చేత పెట్టెలో పంచలు రెండుసార్లు లెక్కపెట్టించాడు. ఊళ్లో ఎవడి మనసు నొచ్చుకున్నా లెక్కచెయ్యని మనిషి, ఎన్నడూ చూడని దిమ్మవాడి మనసు గురించి దిగులుపడ్డాడు.

మైదానం పేరు రాయను. ఆ చుట్టుపక్కల మాకు వియ్యపు చుట్టాలున్నారు. ఆ పూట సత్రంలో ఉండి, పండగ పొద్దున ఎనిమిదింటికి జట్కా చేసుకుని వెళ్లాం. రూపాయిన్నర. ఏదో ఇంద్రలోకం చూడబోతున్నామనుకున్నాను. ఒక రేకుల షెడ్డు, ఒక కాటా, గాలివాటం తెలియటానికి గడకర్రకు కట్టిన గాలి సంచి, గడ్డి మేస్తున్న రెండు ఆవులు. మా మాచర్ల సంత ఇంతకంటే దర్జాగా ఉంటుంది.

అక్కడ సామానుతో పాటు మనిషిని కూడా తూస్తారు. కాటా ఎక్కమంటే బావ మండిపడ్డాడు. "నేనేమన్నా మిరపకాయల బస్తానా?" అన్నాడు. కాటావాడు నవ్వి, "దసరా మామూలు సార్," అన్నాడు. అంతే, బావ కోపం దిగిపోయింది. పెట్టె తెరిపించాడు.

కాటావాడు, దిమ్మలవాడు, పెట్రోలువాడు, మెట్లవాడు, జెండావాడు, కావలివాడు. వరసగా వచ్చారు. ఆరుగురి ఒంటిమీదా సర్కారు వారిచ్చిన ఖాకీ చొక్కా, ఖాకీ లాగూ, ఇత్తడి బొత్తాలు. కంట్రోలు రోజుల్లో గుడ్డకు కరువు లేనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే. వాళ్లకు మా బావ రెండు చేతులతో, దేవుడికి సమర్పించినట్టు పంచలు ఇచ్చాడు. పెట్టెలోంచి తీసి అందించింది మాత్రం సుబ్బయ్య. ఆయన మొలకు చుట్టుకున్న గుడ్డకు ఎన్ని మాసికలున్నాయో నేను చెప్పలేను.

ఆరూ అయ్యాయి. సుబ్బయ్య మూత వేశాడు. అప్పుడు మైదానం అవతల నుంచి కర్ర పట్టుకుని ఏడోవాడు పరిగెత్తుకొచ్చాడు. ఆవుల్ని తోలేవాడు.

"నాకు లేదా సార్? ఆవుల్ని నేను తోలకపోతే విమానం ఎట్టా దిగుద్ది?"

బావ ఆవుల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, పెట్టె మూత తీశాడు.

"అయ్యా, అది నాదండి," అన్నాడు సుబ్బయ్య.

"ఇంటికాడ చూద్దాంలేరా. పైన పొయ్యేది నువ్వా నేనా?"

సుబ్బయ్య నా వైపు చూశాడు. అడ్డు చెప్పవలసినవాణ్ణి నేనే. కొత్త పంచ కుచ్చెళ్లు సర్దుకుంటూ గాలి సంచి చూస్తున్నట్టు నటించాను. ఆవులవాడు ఆ పంచను వెలుతురుకు పట్టి చూసి, "నేత పల్చనగా ఉంది," అని చంకలో పెట్టుకుని పోయాడు.

పదింబావుకు విమానం దిగింది. బావ మాకు చెయ్యి ఊపి ఎక్కాడు. తలుపు మూశారు, రెక్కల దగ్గర పంకాలు తిరిగాయి, దుమ్ము లేచింది. అంతలో పంకాలు ఆగాయి, తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మా బావ, ముఖాన నెత్తురుచుక్క లేకుండా. దింపకపోతే దూకుతానన్నాడట. మెట్లవాడు మెట్లు మళ్లీ తెచ్చి వేశాడు. బావ నేలమీద కాలు పెట్టగానే, "ఇది వేరే పని సార్," అని చెయ్యి చాపాడు. ఒక పాడిగేదె ఖరీదు చేసే టిక్కెట్టుతో విమానం బావ లేకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గుంటూరులో మాచర్ల బండెక్కాం. సత్తెనపల్లి వచ్చేసరికి బావకు ప్రాణం లేచొచ్చింది.

"ఊళ్లో మాత్రం ఎగిరొచ్చాననే చెప్పాలి. ఒరేయ్ సుబ్బిగా, నువ్వు చూశావుగా?"

"ఎక్కటం చూశానండి. దిగటం చూశానండి."

"అంతే చెప్పు, చాలు. కార్తీకం నాటికి నీ పంచ సంగతి చూద్దాం."

గురజాలకు ముందు స్టేషను నడికుడి. ఇంజను నీళ్లకు పది నిమిషాలు ఆగింది. సుబ్బయ్య లేచి రేకుపెట్టె తెచ్చి బావ కాళ్ల దగ్గర పెట్టాడు.

"మా బామ్మర్ది ఇక్కడ నాపరాళ్ల క్వారీలో ఉన్నాడండి. వారం వారం కూలిస్తారంట. నేనీడ దిగుతానండి. ఇంటోళ్లకు కబురు చేస్తాను."

"ఒరేయ్! మరి గుడ్డలెవడు ఉతుకుతాడ్రా?"

"మైదానం కాడ ఏడుగురున్నారు గదయ్యా," అని దిగిపోయాడు.

నాకు అప్పటికి సిగ్గేసింది. సంచిలోంచి పాత పంచ తీసి మార్చుకుని, కొత్తది మడతపెట్టి ప్లాటుఫారం మీదికి పరిగెత్తాను. "పెళ్లికి కట్టుకో సుబ్బయ్యా," అన్నాను. ఆయన చెయ్యి చాపలేదు. ఆ పంచను ఉతకడానికి వేసిన గుడ్డను చూసినట్టే చూశాడు.

"విడిచిన పంచ గదండీ. ఇరవై ఏళ్లు ఇయ్యే మోశాను. ఇంక చాలండి," అన్నాడు.

గురజాలలో బావ ఖాళీ పెట్టె తనే పట్టుకుని దిగాడు. స్టేషను దాటకముందే ఇద్దరికి విమానం కథ మొదలుపెట్టాడు. పైనుంచి కృష్ణ జడపాయలా కనపడిందట. విమానం ఎక్కదలచినవారికి ఈ ప్రయాణం మీద నేను చెప్పగలిగింది ఇంతే: మామూలు ముందు ఇంట్లో ఇచ్చి బయలుదేరండి.

ఆ పంచ దుమ్ముపట్టి ఇంకా నా సంచిలోనే ఉంది. ఉతకడానికి వేద్దామంటే ఊళ్లో సుబ్బయ్య లేడు.